పదహారణాల మంట

ఫిబ్రవరి వచ్చిందంటే ఎనుమాముల మిర్చి మార్కెట్‌లో మనుషులు మాట్లాడుకునేది తక్కువ, తుమ్ముకునేది ఎక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దగ్గరే జేబురుమాలు తీస్తారు. తలలు నెరిసిన సేట్లు కూడా పొద్దున బస్తాలు గుమ్మరించేటప్పుడు పక్కకు తిరిగి రెండు తుమ్ములు తుమ్మితే గానీ బేరంలోకి దిగరు. ఆ ఎర్రటి దుమ్ములో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా, తన వాకిట్లో ముగ్గు వేసుకుంటున్నంత తీరుబడిగా తిరిగే మనిషి ఒక్కతే ఉంది. ఆమె చిలుకమ్మ.

ఇప్పుడామెకు యాభై ఆరేళ్ళు. పెళ్ళయిన కొత్తలో భర్త వెంకట్రాజం హమాలీగా బస్తాలు మోస్తుంటే, తాను మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ వరుసలో కూర్చుంది. కుడిచేతి బొటనవేలి గోరుతో తొడిమ గిల్లాలి, కాయ ఇటు, తొడిమ అటు. రోజుకు ఎన్ని వేల కాయలో లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది. మిగతా ఆడవాళ్ళు పొద్దున్నే వేళ్ళకు ఆముదం రాసి, పాత చీర పేలిక చుట్టుకుని కూర్చుంటారు. చిలుకమ్మకు అదేమిటో, వేలికి గుడ్డ కడితే చేయి సాగేది కాదు. మొదటి సీజన్‌లోనే బొటనవేలి పక్కన చర్మం పగిలింది. ముప్పై ఏళ్ళయినా ఆ పగులు మూసుకోలేదు. వానాకాలంలో కాస్త దగ్గర పడుతుంది, మిర్చి రాగానే మళ్ళీ నోరు తెరుస్తుంది. అన్నం కలిపితే మంట, బట్టలు పిండితే మంట. దాన్ని ఆమె తిట్టని తిట్టు లేదు.

ఇంకో బాధ కూడా ఉంది. ఎంత కడిగినా ఆ చేతుల కారం పోదు. కూతురు లావణ్యకు ఏడాది వయసున్నప్పుడు ఒకసారి ముఖం కడిగితే, పిల్ల కళ్ళు వాచి గంటసేపు ఏడ్చింది. ఆ రోజు నుంచీ పిల్ల ముఖం కడిగే పని వెంకట్రాజానిదే అయింది. లావణ్య కూతురు, ఇప్పుడు మూడేళ్ళున్న తేజస్వి పుట్టాక దాని ముఖం కడిగింది కూడా అతనే. చిలుకమ్మ దూరంగా నిలబడి, చెవుల వెనక కడగలేదని వంకలు పెట్టేది.

అయితే ఇన్ని కష్టాలకు బదులుగా ఆమెకొక గొప్ప ఉంది. ఏ బస్తా నుంచైనా ఒక కాయ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చిదిమి, ఒక్క క్షణం ఆగి, దాని ఘాటెంతో చెప్పేస్తుంది. అదీ అణాల్లో. అణాలు వాడుకలోంచి ఎప్పుడో పోయినా, ఆమె పనిచేసే సత్యనారాయణ సేటు అడ్తి దుకాణంలో పాత గుమస్తాలు ఘాటును అలాగే చెప్పేవారు, చిలుకమ్మకు అదే అలవాటయింది. ఎనిమిదణాలంటే పప్పులోకి పనికొస్తుంది. పన్నెండణాలంటే ఆవకాయకు. పదహారణాలంటే చేయి వెనక్కి తీసుకోవలసిందే. రంగు చూసి కొనే వ్యాపారులకు ఆమెతో పనిలేదు గానీ, మిర్చి నుంచి నూనె తీసే కంపెనీల వాళ్ళు మాత్రం ముందు "చిలుకమ్మ ఏమన్నది?" అని అడిగేవారు. ఆమె చెప్పింది ఒక్కసారి కూడా తప్పలేదు. ఎట్లా చెప్తున్నావంటే ఆమెకూ తెలియదు.

"ఎల్లమ్మ తల్లి పలికిస్తాంది. నాదేమున్నది" అనేది.

ఆ మాట అన్నప్పుడల్లా మెడ కాస్త నిటారుగా పెట్టేది. అణాలు తప్ప అంకెలు రాని ఆడమనిషి మాట మీద లారీలు కదులుతుంటే మెడ నిలబడదా మరి.

పోయినేడాది, సీజన్ మంచి ఊపు మీద ఉండగా, జీన్స్ ప్యాంటు వేసుకున్న ఒకాయన మార్కెట్‌కు వచ్చాడు. పేరు మధు, సైంటిస్టు. మిలిటరీ కోసం పరిశోధనలు చేసే ఒక సంస్థలో పని. ఆ సంస్థ పేరు ఎక్కడా చెప్పనని చిలుకమ్మ చేత తర్వాత కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు కాబట్టి మనమూ దాని జోలికి వెళ్ళొద్దు. గుహల్లో దాక్కున్నవాళ్ళను చంపకుండా బయటికి రప్పించేందుకు మిర్చి పొగ చిమ్మే గుండ్లు తయారు చేస్తున్నారట. అందుకు అన్నిటికంటే ఘాటైన కాయ కావాలి. అంత చదువు చదివిన మనిషి తిన్నగా వెళ్ళి చపాటా మిర్చి బస్తాల ముందు నిలబడి, "ఇవి ఇరవై బస్తాలు" అన్నాడు.

చపాటా అంటే మన దగ్గర పండే లావు కాయ. రంగు చూస్తే రక్తం, కారం చూస్తే బెల్లం. వరుసలో ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చిలుకమ్మకే జాలేసింది.

"సారూ, గది రంగుకు మంచిది. గది పొగబెడితే లోపలున్నోళ్ళు బయటికి రారు, కూర ఎప్పుడైతదని అడుగుతరు."

మధు నవ్వాడు. మంచి మనిషి, ఉక్రోషం లేదు. ఆమె చెప్పిన ఏడు రకాలు తలా గుప్పెడు తీసుకుని, ఆమె చెప్పిన అణాలు పుస్తకంలో రాసుకుని వెళ్ళాడు. వాళ్ళ మెషీన్ రెండు రోజులు కష్టపడి ఘాటు కొలిచింది. ఏడింటి వరుసా చిలుకమ్మ చెప్పిన వరుసే. వారం తిరక్కుండా జీపు వేసుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి అతని కళ్ళల్లో వేరే వెలుగుంది. ఆ సంస్థలోనే ఒక మూల ఇంకో విభాగం ఉందట. మనసుతో దూరపు సంగతులు తెలుసుకునేవాళ్ళు, పాతిపెట్టిన బాంబును మీద నడిచి చెప్పగలవాళ్ళు, ఇలాంటి మనుషుల్ని వెతికి పరీక్షించడం దాని పని. వారం రోజులు ఆమెను పంపమని సత్యనారాయణ సేటును అడిగాడు.

సేటు గడ్డం గోక్కున్నాడు. "సీజన్ల నా కన్ను అడుగుతాన్రు మీరు. వారం అంటే వారమే, సారు."

అలా చిలుకమ్మ మిలిటరీలో చేరింది. అంటే వెంకట్రాజం కాలనీ అంతా అలాగే చెప్పాడు.

ములుగు రోడ్డులో, అడవి మొదలయ్యే చోట కంచె వేసిన ఒక ఆవరణకు తీసుకువెళ్ళారు. గదికి ఏసీ, మంచానికి తెల్ల దుప్పటి. మొదటి రోజే డాక్టరమ్మ వచ్చింది, మేజర్ సుభాషిణి. ముప్పై అయిదేళ్ళుంటాయి, యూనిఫాంలో ఉన్నా ఇంటి ఆడపిల్లలా కూర్చుని మాట్లాడింది. బీపీ చూసింది, కళ్ళు చూసింది, చివరికి చేతులు చూసింది. బొటనవేలి పగులు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

"ముప్పై ఏండ్లాయె తల్లీ. అలవాటైపోయింది."

"ఇలాంటి గాయంతో మిర్చి ముట్టుకోనివ్వను. రూలే ఉంది. మానాకే ఆ పరీక్ష" అని, తెల్ల మందు రాసి, పట్టీ చుట్టి, పైన గ్లౌజు తొడిగింది. రోజూ పూటకోసారి తనే వచ్చి పట్టీ మార్చేది. చిలుకమ్మ వేలిని ఇంతవరకూ ఎవరూ అంత శ్రద్ధగా పట్టుకుని చూడలేదు. మూడో రోజుకల్లా చిలుకమ్మ ఆమెను 'బిడ్డా' అనడం మొదలుపెట్టింది.

ఆ వారంలో ఏమేం చూసింది! పొట్ట తిప్పేసే శబ్దం చేసే పెట్టె ఒకటి ఉందని విన్నది గానీ దాన్ని చూపించలేదు. మందుపాతర వాసన పట్టడానికి తేనెటీగలకు చదువు చెప్తున్నారు. డోర్నకల్ నుంచి రాంచందర్ అని రిటైరైన గ్యాంగ్‌మన్ వచ్చాడు. రైలు రెండు స్టేషన్ల అవతల ఉండగానే వస్తోందని చెప్పగలడట. అతన్నీ చల్లటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడు రైలు ఎక్కడుందో చెప్పమన్నారు. ఒక్కటీ చెప్పలేకపోయాడు.

"నేను ముందే చెప్పిన చెల్లె, జర పట్టా మీద చెయ్యి పెట్టనియ్యిండ్రి చెప్తనని. మనసుతోని చెప్పుమంటరు. నా మనసుల రైలు పోతదా?" అని, ఇంకో గులాబ్ జామూన్ వేసుకున్నాడు. ఓడిపోయానన్న దిగులు అతనికి రవ్వంత లేదు. భోజనం బాగుంది, అంతే చాలన్నాడు.

చిలుకమ్మకు ముందు పేకముక్కల్లాంటి అట్టలు పెట్టారు. చుక్క, గీతలు, గుండ్రం. వెనక్కి తిప్పి ఉన్నది ఏదో చెప్పాలి. "నాకు పత్తాలాట రాదు సారు" అని చెప్పినా మధు వినలేదు. ఇరవై అయిదింటికి అయిదు సరిగ్గా చెప్పింది. కళ్ళు మూసుకుని ఎవరు చెప్పినా వచ్చేది అంతేనట. మధు ముఖం వాడిపోయింది, చిలుకమ్మకు మాత్రం చీమ కుట్టినట్టు లేదు. అట్టలకూ ఎల్లమ్మకూ సంబంధం ఏమిటి?

అయిదో రోజు మధ్యాహ్నం వేప చెట్టు కింద చిలుకమ్మా రాంచందరూ అన్నం తింటుండగా, మైదానం అవతల పొగ గుండు పేల్చి చూశారు. గాలి అనుకున్న వైపు వీచలేదు. జవాన్లు కళ్ళు మూసుకుని చెల్లాచెదరుగా పరిగెత్తారు, రాంచందర్ కంచం ఎత్తుకుని లోపలికి దూరాడు. చిలుకమ్మ చెంచాతో పెరుగన్నం కలుపుకుంటూ అక్కడే కూర్చుంది. పరుగున వచ్చిన మధుతో, "ఎవరో మోసం జేసిండ్రు సారు. తాలు కాయ కలిపిండ్రు, పాత వాసనొస్తాంది" అంది. విచారిస్తే నిజంగానే ఎవరో కాంట్రాక్టరు రంగు పోయిన పాత సరుకు కలిపాడు. మధులో ఆశ మళ్ళీ చిగురించింది.

"మరి గీ పొగ ఎవరి మీద ఇడుస్తరు బిడ్డా? సావరు గదా?" అని ఆ సాయంత్రం మేజర్‌ను అడిగింది.

"చావకుండా ఉండేందుకే ఇదంతా అమ్మా."

"గట్లయితే మంచిదే" అంది చిలుకమ్మ. ముప్పై ఏళ్ళు తాను పీల్చిందీ అదే కదా, బతికే ఉంది.

ఏడో రోజుకు బొటనవేలు మానింది. గులాబీ రంగు కొత్త తోలు వచ్చింది. ఆ రోజే అసలు పరీక్ష. రకం తెలియకుండా కాయల్ని తుంచి, గింజలు దులిపి, ఇరవై గిన్నెల్లో పెట్టారు. నోట్లో వేసుకోకూడదు. ఆమె కళ్ళకు గుడ్డ కట్టారు. చిలుకమ్మ మొదటి గిన్నెలోంచి ముక్క తీసి, వేళ్ళ మధ్య చిదిమి ఆగింది.

ఏమీ పలకలేదు.

ఇంకో ముక్క చిదిమింది. వేలి కింద ఎండు ఆకు నలిగినట్టు నలిగింది, అంతకుమించి ఏమీ లేదు. నోటికొచ్చిన అణాలు చెప్పుకుంటూ పోయింది. గుడ్డ విప్పాక మధు పుస్తకం చూపించకుండా మూసేశాడు గానీ, ఒక్క మాట నోరు జారాడు. పద్నాలుగణాలని ఆమె చెప్పిన గిన్నెలో ఉన్నది చపాటా అట. చిలుకమ్మ తల వంచుకుంది. ఎనుమాములలో ఆ తప్పు పసిపిల్లలు కూడా చేయరు.

శాలువా కప్పి, మందు గొట్టం, గ్లౌజులు చేతిలో పెట్టి, ఎంతో మర్యాదగా ఇంటి దగ్గర దించారు. ఆమెకు ఏ శక్తీ లేదని కాగితాల్లో రాసుకున్నారు. మిలిటరీ వాళ్ళు ఏం రాసుకుంటే ఆమెకేం? భయం వేరే. తనకు అన్నం పెట్టిన మాట, మెడ నిటారుగా నిలబెట్టిన మాట పోయింది. అది లేకపోతే తొడిమల వరుసలో ఇంకో ముసలమ్మ, అంతే.

ఇంటికి రాగానే భర్తకు చెప్పింది. వెంకట్రాజం నడుము రుద్దుకుంటూ విన్నాడు.

"తల్లికి కోపమొచ్చినట్టున్నది. గుట్టుగ ఉంచుకోవాల్సింది మిలిటరీకి చూపిస్తివి. కోడిని మొక్కుకో."

మొక్కుకుంది. మర్నాడు మార్కెట్‌కు వెళితే, అడ్తి ముందు రాంప్రసాద్ కూర్చుని ఉన్నాడు. ములుగు అవతలి పల్లె రైతు, ఏటా ఇక్కడికే వస్తాడు. ఈసారి కల్లంలో ఆరబోసిన కాయ మీద వాన పడి రంగంతా పోయింది. పద్దెనిమిది బస్తాలు. వ్యాపారులు ఒక్క చూపు చూసి వెళ్ళిపోతున్నారు. ఘాటుందని ఆమె ఒక్క మాటంటే నూనె కంపెనీ అతను కొంటాడు, అనకపోతే వచ్చిన ధరకు తగలేసి వెళ్ళాలి.

"అక్కా, నీ కోసమే కూసున్న. నువ్వు మిలిటరీకి పోయినవంటే వారం ఆగిన" అన్నాడు.

చిలుకమ్మ ఒక కాయ తీసి చిదిమింది. మళ్ళీ అదే మౌనం. ఊరికే పద్నాలుగంటే ఎవరు కాదంటారు? నోటి దాకా వచ్చింది. కానీ ఇంతవరకూ తెలియంది చెప్పలేదు. "జర ఆగు తమ్మీ. ప్రయాణం జేసొచ్చిన, చేయి నిలకడ లేదు. రెండు రోజులైనంక చెప్త" అని, సేటు పిలుస్తున్నా వినిపించనట్టు పోయి పాత వరుసలో కూర్చుని తొడిమలు తీయసాగింది. ఖాళీగా ఉండలేక కూర్చుంది గానీ, కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మిర్చి యార్డులో ఏడవడంలో ఒక సుఖం ఉంది, ఎందుకని ఎవరూ అడగరు.

ఆ రెండు రోజులూ మార్కెట్‌కు పోయే ముందు ఒక్క పని మాత్రం చేసింది. పొద్దున తేజస్వి లేవగానే ఎడమచేత్తో నీళ్ళు తీసి, భయం భయంగా పిల్ల ముఖం కడిగింది. వారం పైన ఎడమచేయి కారం ముట్టలేదు, ఇప్పుడూ దానికి గ్లౌజు తొడుక్కుని పని చేస్తోంది. పిల్ల ఏడవలేదు. ఆ బుగ్గల మెత్తదనం ముప్పై ఏళ్ళలో మొదటిసారి తెలిసింది. వెంకట్రాజం తువ్వాలు అందిస్తూ, "చెవుల వెనక కడగలే" అన్నాడు. అంత దిగులులోనూ చిలుకమ్మకు నవ్వొచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం, తొడిమ గిల్లుతుండగా కుడి బొటనవేలి పక్కన కొత్త తోలు పుటుక్కున చిట్లింది. "నీ పాడుగాను, మళ్ళొచ్చినవా" అని అలవాటుగా తిట్టింది. తిడుతూనే చేతిలో ఉన్న కాయను పక్కన పడేయబోయి, చిదిమింది.

తొమ్మిదణాలు.

ఎవరో చెవిలో చెప్పినట్టుంది. కాదు, చెవిలో కాదు. చిలుకమ్మ చేయి కళ్ళ ముందు పెట్టుకుని చూసింది. ఇంకో కాయ తీసి ఎడమచేతి గ్లౌజు విప్పి, ఆ వేళ్ళతో చిదిమింది. ఏమీ లేదు. అదే కాయను కుడిచేత్తో చిదిమింది. మంట పగులులోంచి లేచి, గోరు దాటి, కణుపు దగ్గర ఆగింది. తొమ్మిదణాలంటే కణుపు దాకా. పన్నెండంటే బొటనవేలి మొదలు దాకా. పదహారంటే మణికట్టు. ముప్పై ఏళ్ళుగా నిత్యం మండే చోటు మండుతోందని ఎవరు గమనిస్తారు? ఆమె తిట్టిపోసిన పగులే ఆమెకు అన్నం పెట్టింది. ఆ మంచి డాక్టరమ్మ వారం పాటు దాన్నే మాన్పింది.

చిలుకమ్మ ఒంటరిగా నవ్వడం మొదలుపెట్టింది. పక్కన తొడిమలు తీస్తున్న వినోద, "ఏమైందక్కా?" అని అడిగింది. "ఏం లేదే, మండుతాంది" అని లేచి, తిన్నగా రాంప్రసాద్ బస్తాల దగ్గరికి నడిచింది. ఒక్కో బస్తా అడుగు నుంచి కాయ తీసి చిదిమింది. ప్రతి కాయకూ మంట మణికట్టు దాకా లేచింది.

"పదహారణాలు. రంగు పోయింది గానీ, కాయ పోలే" అంది సేటుతో. నూనె కంపెనీ అతను ఇంకేమీ అడగకుండా బస్తాల మీద గుర్తు వేయించాడు. రాంప్రసాద్ ఆమె కాళ్ళ మీద పడబోతే, "మార్కెట్ల గివేం పనులు" అని గదిమింది. ఆ గదమాయింపులో ఎంత సంతోషం ఉందో సేటుకు అర్థమైంది.

అసలు సంగతి భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మరి కోడి సంగతేంది?" అన్నాడు వెంకట్రాజం.

"మొక్కు మొక్కే. గీ పగులిచ్చింది ఎవరనుకున్నవు?"

నెల తర్వాత మేజర్ సుభాషిణి ఫోన్ చేసింది. "అమ్మా, వేలెలా ఉంది? మందు రాస్తున్నారా?"

"మంచిగున్నది బిడ్డా. రోజు రాస్తాన" అంది చిలుకమ్మ. రాస్తున్నది నిజమే, వెంకట్రాజం మడమలకు. ఉన్న సంగతి చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. మధు సారు తెలుసుకున్నాడంటే ఊరుకునే రకం కాదు, సిపాయిలందరి బొటనవేళ్ళకు బ్లేడు పెట్టిస్తాడు. పిల్లలు, ఎవరు కన్న బిడ్డలో. చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.

ఇప్పటికీ ఆమె ఎడమచేతికి గ్లౌజు తొడుక్కునే మార్కెట్‌లో తిరుగుతుంది. ఆ చేయి తేజస్విది. కుడిచేయి మిర్చిది. మొన్న ఎండ దిగే వేళ ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని, మండుతున్న వేలిని గాలికి ఆడిస్తుంటే, పిల్ల వచ్చి పక్కన చతికిలబడింది.

"అమ్మమ్మా, మంటా? ఊదాల్నా?"

పిల్ల ఆ బొటనవేలిని రెండు చేతులా పట్టుకోబోతే, పట్టుకోనివ్వకుండా వేలిని కాస్త ఎడంగా పెట్టింది. తేజస్వి బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి ఊదింది. ఊదితే ఆ మంట తగ్గేది కాదు. తగ్గాలని చిలుకమ్మకూ లేదు. అయినా వేలిని అలాగే ఉంచి, "ఇంకోసారి ఊదు బిడ్డా" అంది.